చేతులు దించని వేలం

విమానం మైళ్ళు అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆఫీసులో ఎవరో ఒకరు టీ తాగుతూ తమ కార్డు మీద ఇన్ని వేల మైళ్ళు పోగయ్యాయని గొప్పలు చెప్పుకుంటారు. నేను కప్పు అక్కడే పెట్టేసి లేచి వెళ్ళిపోతాను. నాకు పొగరు అనుకుంటారట. అనుకోనీ. ఆ మైళ్ళు మా ఇంట్లోంచి ఏం పట్టుకుపోయాయో వాళ్ళకేం తెలుసు.

రెండువేల ఆరు ప్రాంతంలో నేను అనకాపల్లిలో, నెహ్రూ చౌక్‌కి దగ్గర్లో, ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో పని చేసేదాన్ని. ఆరు కంప్యూటర్లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, చెప్పులు బయట విడవండి అని గోడ మీద కాగితం. పరీక్షల రిజల్ట్స్ వచ్చిన రోజు తప్ప పెద్దగా జనం ఉండేవారు కాదు. అలాంటి సెంటర్‌కి ఆ ఏడాది ఒక జబ్బు పట్టుకుంది. ఆన్‌లైన్ వేలం.

మా ఊరివాళ్ళకి వేలం కొత్త కాదు. పొద్దున్నే బెల్లం మార్కెట్టుకి వెళ్తే చూడొచ్చు. దిమ్మ మూల గిల్లి నోట్లో వేసుకుంటారు, రంగు చూస్తారు, చేత్తో తట్టి చూస్తారు, అప్పుడు గానీ పాట మొదలెట్టరు. నచ్చకపోతే ఒక్క రూపాయి కూడా పెంచరు. అంతటి గట్టి మనుషులు మా సెంటర్‌కి వచ్చి, కంటితో చూడని, చేత్తో ముట్టుకోని సరుకుకి ఎగబడి పాడేవారు. వాచీలు, ఫోన్లు అయిపోయాక విమానం మీద పడ్డారు. విమానాల్లో తరచూ తిరిగేవాళ్ళకి కంపెనీలు మైళ్ళని చెప్పి పాయింట్లు ఇస్తాయి. అవి పోగైతే టిక్కెట్టు ఉచితం. తమకి అక్కర్లేనివాళ్ళు ఆ పాయింట్ల కాగితాల్ని వేలానికి పెట్టేవారు. బెల్లం కమీషన్ వ్యాపారి ఒకాయన ఎయిర్‌పోర్టులో సోఫాల గదికి వెళ్ళే పాసు ఒకటి నలుగురితో పోటీపడి కొన్నాడు. తీరా చూస్తే ఆ గది బొంబాయిలోనూ ఢిల్లీలోనూ తప్ప ఎక్కడా లేదు. ఆయన జన్మలో హైదరాబాద్ దాటి వెళ్ళలేదు. ఆ పాసుని లామినేషన్ చేయించి కొట్టు గల్లాపెట్టె మీద పెట్టుకున్నాడు. నేను చాటుగా నవ్వుకున్నాను. ఆ నవ్వుకి నాకు తగినశాస్తి జరిగింది.

మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. అప్పటికి రిటైరై మూడేళ్ళు. చర్చిలో సంఘ పెద్ద. అంతకన్నా ముఖ్యం, ఏటా కోత పండుగ రోజు వేలం పాడించేది ఆయనే. కోత పండుగ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పంట చేతికొచ్చే రోజుల్లో ఒక ఆదివారం సంఘస్తులందరూ తమకున్నది తెచ్చి దేవుడి ముందు పెడతారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, నాటుకోళ్ళు, కొండకర్ల చెరువు దగ్గర్నుంచి వచ్చే కుటుంబమైతే బాతులు, చెరకు గడలు, ఇంట్లో కాల్చిన కేకులు. ఆరాధన అయ్యాక షామియానా కింద వాటిని వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానికి. అందుకని అక్కడ ఎక్కువ పెట్టి కొనడమే గొప్ప. యాభై రూపాయల గుమ్మడికాయ మూడొందలకి పోతుంది. కొన్నాయన దాన్ని మళ్ళీ పాటకి పెట్టేస్తాడు, అది ఇంకో రెండొందలు తెస్తుంది. అక్కడ వేలంలో మోసపోవడం అనేది ఉండదు. ఎంత ఎక్కువైతే అంత మంచిది.

ఆ వేలంలో ఇంకో పద్ధతి ఉంది. నాన్న దాన్ని ప్రాణం పెట్టి కాపాడేవాడు. ఎవరికైనా ఒక వస్తువు నిజంగా అవసరమైతే, చెయ్యెత్తి కారణం చెప్పుకోవచ్చు. చెబితే మిగతావాళ్ళందరూ చేతులు దించేయాలి. ఒక ఏడు కశింకోటకి షేర్ ఆటో తోలే ఆయన ఒక కోడి కోసం లేచాడు. అప్పటికే ఇటుక బట్టీల ఆసామి రెండొందలు దాటించి ఉన్నాడు.

"మా యావిడికి నిన్న కాన్పయ్యింది బాబూ. నాటుకోడి రసం పొయ్యమన్నారు. నా దగ్గర డెబ్బయ్యే ఉన్నాయి" అన్నాడు ఆటో ఆయన.

ఇటుక బట్టీల ఆసామి వెంటనే రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. నాన్న ఒకటోసారి, రెండోసారి, మూడోసారి మూడూ ఒక్క ఊపిరిలో చెప్పేసి కోడిని ఆయన చేతిలో పెట్టాడు. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, కారణం విన్నాక కూడా చెయ్యెత్తిన మనిషి ఒక్కరే. ఆయన పాడి, కొని, ఆ వస్తువుని అడిగినావిడ ఒళ్ళోనే పెట్టి వెళ్ళిపోయాడు. మా నాన్నకి వేలం అంటే అది. ఆయన ఎరిగిన లోకంలో వేలం అంటే మనుషులు ఒకరి కష్టం ఒకరు వినే చోటు.

ఇక అమ్మ సంగతి. అమ్మకి ఐదో ఏట తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే ఏడాది పోతే, ఎవరో తీసుకొచ్చి మిషన్ బాలికల హాస్టల్లో వదిలారు. అక్కడి వార్డెన్ మలయాళీ ఆవిడ. పెళ్ళి చేసుకోలేదు. అమ్మని చేతుల మీద పెంచింది. శనివారం సాయంత్రం మెట్ల మీద కూర్చోబెట్టి కొబ్బరినూనె రాసి, పేలు చూసి, రెండు జడలు బిగించి వేసేది. తెలుగు అంతా నేర్చుకుంది గానీ "పిల్లా" అనడం దగ్గర మాత్రం ఆవిడ యాస పోలేదు. అమ్మకి పెళ్ళి చేసింది, కుట్టు మిషను కొనిచ్చింది, రిటైరయ్యాక కొట్టాయం దగ్గర సంఘం నడిపే వృద్ధుల హోముకి వెళ్ళిపోయింది. మేమందరం ఆవిడ్ని అమ్మగారు అనే అంటాం.

ఆ ఏడు నవంబరులో హోము నుంచి ఉత్తరం వచ్చింది. అమ్మగారు జారిపడ్డారు, మంచం మీదే ఉన్నారు, రోజూ మిమ్మల్ని అడుగుతున్నారు, వీలైనంత తొందరగా రండి అని. అమ్మ ఆ ఉత్తరం మడిచి బైబిల్లో పెట్టింది, మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. ఆవిడకి వెళ్ళాలని ఉంది, వెళ్ళే నడుం లేదు. ముప్పై ఏళ్ళు స్కూలు యూనిఫాంలు కుట్టి కుట్టి వెన్నులో డిస్కు జారింది. ఆపరేషన్ చేసిన డాక్టరు బస్సూ రైలూ మాట ఏడాది దాకా ఎత్తొద్దన్నాడు. కొట్టాయానికి రైల్లో ఒక పగలు, ఒక రాత్రి, ఇంకా మిగిలుంటుంది. విమానమైతే గంటా గంటా చొప్పున రెండు విమానాలు. ఆ రోజుల్లో మా ఇంట్లో విమానం అనే మాట ఆకాశంలో పోయేదాన్ని పిల్లలకి చూపించడానికి తప్ప దేనికీ వాడేవాళ్ళం కాదు.

సరిగ్గా అప్పుడే నాన్న నాకు అన్నం క్యారేజీ ఇవ్వడానికి సెంటర్‌కి వచ్చి, పక్క కంప్యూటర్లో వేలం చూశాడు. రెండు రానూపోనూ టిక్కెట్లకి సరిపోయే మైళ్ళ సర్టిఫికెట్టు, దక్షిణాదిలో ఎక్కడికైనా, పాట రెండు వేల నుంచి మొదలు. అమ్మేవాడు బొంబాయివాడు.

"వేలమా?" అన్నాడు నాన్న. మొహం విప్పారింది. "అయితే నాకొగ్గీయమ్మా, నేను సూసుకుంటాను. ఇది మన పనే కదా."

అప్పుడే వద్దనాల్సింది నేను. బెల్లం వ్యాపారుల్ని కళ్ళారా చూస్తున్నదాన్ని. మా నాన్న వాళ్ళకంటే తెలివైనవాడనీ, ఇరవై ఏళ్ళు వేలం పాడించినవాడనీ ఏదో గుడ్డి నమ్మకం. మామూలు టిక్కెట్టు ఎంతో ఒక్కసారి చూద్దామన్న ఆలోచన కూడా రాలేదు. విమానం టిక్కెట్టు మన తాహతు కాదన్నది మాకు పుట్టుకతో వచ్చిన లెక్క. దాన్ని సరిచూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

శనివారం సాయంత్రం నాలుగింటికి వేలం ముగుస్తుంది. నాన్న మూడింటికల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కంప్యూటర్ ముందు స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. ఎనిమిది వేల వరకు వెళ్దామని ఇంట్లో అనుకున్నాం. ఆ డబ్బు అమ్మ యూనిఫాంలు కుట్టి దాచినది. అప్పటికి పాట ఐదు వేల దగ్గర ఉంది, మేమే పైన ఉన్నాం. ముందు పాడినవాళ్ళు తప్పుకున్నారు, మాతో పోటీ ఎవరూ మిగల్లేదు.

"కారణం ఎక్కడ సెప్పాలమ్మా?" అని అడిగాడు నాన్న.

"కారణమా?"

"మనకెందుక్కావాలో సెప్పాలి కదా. లేపోతే ఎవులైనా తెలీక పాడేత్తారు. పాపం, తరవాత బాధపడతారు."

నవ్వొచ్చింది, ముచ్చటేసింది. పేజీ అడుగున అమ్మేవాడికి ప్రశ్న రాయడానికి ఒక గడి ఉంది. అందులో రాసింది అందరికీ కనపడుతుంది. నాన్న చెబుతుంటే నేనే ఇంగ్లీషులోకి మార్చి రాశాను. నా బీయే ఇంగ్లీషంతా అందులో పెట్టాను. నా భార్య తల్లిదండ్రులు లేని పిల్ల. ఆవిడని పెంచిన తల్లి కేరళలో మంచం మీద ఉంది. నా భార్య వెన్ను ఆపరేషన్ వల్ల రైలెక్కలేదు. ఈ సర్టిఫికెట్టు తప్ప మాకు వేరే దారి లేదు. దయచేసి మిగతా సోదరులు చేతులు దించవలసిందిగా ప్రార్థన. కింద తన పేరు, రిటైర్డు ఉపాధ్యాయుడు అని కూడా రాయించాడు.

పది నిమిషాలు కాలేదు, ఒక కొత్త మనిషి పాటలోకి దిగాడు. ఆ సైటులో పాడేవాళ్ళ పేర్లు పూర్తిగా కనపడవు. రెండు అక్షరాలు, తర్వాత వరసగా చుక్కలు. ఆరు వేలు అన్నాడు ఆ చుక్కలవాడు.

"ఏటంటాడు?" అన్నాడు నాన్న.

"ఏమీ అనలేదు నాన్నా. వెయ్యి పెంచాడు."

"సదవలేదేమో. ఇంకోపాలి రాయి."

ఇంకోసారి రాశాను. మేం ఆరున్నర అంటే వాడు ఏడు. మేం ఏడున్నర అంటే వాడు ఎనిమిది. అనుకున్న హద్దు అక్కడే అయిపోయింది. నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కోపం లేదు ఆయనకి. అదే నాకు ఇప్పటికీ భరించలేనిది.

"పోనీ ఆయన కష్టమేటో అడుగమ్మా" అన్నాడు. "మనకంటే పెద్ద అవసరమైతే మనమే సెయ్యి దించేద్దాం. దాందేటుంది."

అది కూడా రాశాను. చేతులు విరగ్గొట్టుకోవాల్సింది, రాశాను. ఈసారి జవాబు వచ్చింది, అమ్మేవాడి దగ్గర్నుంచి. ఆల్ ద బెస్ట్ అని రాసి పక్కన నవ్వు బొమ్మ పెట్టాడు. హద్దు దాటి మేం ఎనిమిదిన్నర అన్న నిమిషంలోనే చుక్కలవాడు తొమ్మిది వేలన్నాడు.

నాన్న స్టూలు తెరకి దగ్గరగా జరుపుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఒకేళ కొని మనకే ఇచ్చేత్తాడేటి?" అన్నాడు. అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు వచ్చింది. కోత పండుగలో కొని ఒళ్ళో పెట్టిన ఆ మనిషి గుర్తొచ్చాడని నాకు తెలుసు. చిర్రెత్తుకొచ్చింది నాకు. ఎవరి మీద చూపించాలో తెలియక ఆయన మీదే చూపించాను.

"ఇది మన చర్చి కాదు నాన్నా" అని గట్టిగా అరిచాను. పక్క అడ్డాల్లోంచి తలలు పైకి లేచాయి.

పాట ఆగలేదు. నేను పది వేలు అంటే వాడు పదకొండు, నేను పదకొండున్నర అంటే వాడు పన్నెండు. నాలుగు కావడానికి ఐదు నిమిషాలుంది. "ఇంక సాలమ్మా. మనం దించేద్దాం. దేవుడు ఇంకో దారి సూపిత్తాడు" అన్నాడు. నా భుజం మీద చెయ్యి కూడా వేశాడు. ఆ చెయ్యి తోసేశాను. ఆ చుక్కల వెధవ ముందు మా నాన్న చెయ్యి దించడమా? కారణం చెప్పుకున్న మనిషిని కాదని పైకి పాడేవాడి ముందా? పళ్ళు నూరుతూ, నాన్నని అడక్కుండా పంతొమ్మిది వేలు అని కొట్టేశాను. ఎందుకు పంతొమ్మిది అంటే చెప్పలేను. వాడి నోరు మూతపడాలనిపించింది, అంతే. ఆఖరి హద్దు కొడితే, ఎదుటివాడు పెంచినకొద్దీ ఆ సైటే మన తరఫున పైకి పాడుతూ పోతుంది; వాడు దాన్ని పద్దెనిమిదిన్నర దాకా లాగి ఆగిపోయాడు, మా పాట పంతొమ్మిది దగ్గర నిలిచింది. నాలుగైంది. మీరు గెలిచారు అని పచ్చటి అక్షరాలు వచ్చాయి.

గెలిచారట. సరుకు కొన్నవాణ్ణి గెలిచావు అనే అంగడి ఈ భూమి మీద ఇంకెక్కడైనా ఉందా? బెల్లం మార్కెట్టులో ఎవడైనా దిమ్మ కొంటే నువ్వు గెలిచావని వీపు తడతారా? ఆ ఒక్క మాటతో ఎన్ని ఇళ్ళు ముంచారో. ఆ రోజు మాత్రం ఆ మాట చూసి నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. నాన్న తల వంచి ప్రార్థన చేసుకున్నాడు. ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ ఎంతయిందని అడగలేదు. "విమానంలో నడుం వాల్చుకోనిత్తారా?" అని అడిగింది. బీరువాలోంచి నీలం చీర తీసి తలుపు మీద ఆరేసింది.

సోమవారం అమ్మ దాచినదానికి నాన్న పింఛను డబ్బు కలిపి పంతొమ్మిది వేలకి డీడీ తీసి కొరియర్‌లో పంపాం. బుధవారం, నేను సెంటర్‌లో ఉండగా, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఒకతను వచ్చి తన విమానం టిక్కెట్టు ప్రింట్ తీసిమ్మన్నాడు. ఆ ఏడాదే వచ్చిన చవక విమానాల్లో ఒకటి. విశాఖ నుంచి హైదరాబాదు మీదుగా కొచ్చిన్, రానూపోనూ. కాగితం మీద ధర చూశాను. అలాంటివి రెండు తీసుకున్నా మేం పంపినదాంట్లో సగం. అదీ మర్నాటికే సీటు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుపోయిందని చెప్పి లోపలికి వెళ్ళి బాత్రూమ్‌లో నిలబడి ఏడ్చాను. ఏడుపు కూడా కాదది, కోపం. నా మీద నాకే కోపం.

సర్టిఫికెట్టు రావడానికి పదిహేను రోజులు పట్టింది. మందపాటి కాగితం, బంగారు రంగు అంచు, మీద విమానం బొమ్మ. వెనక్కి తిప్పితే చీమల బారులా అక్షరాలు. ప్రయాణానికి ఇరవయ్యొక్క రోజుల ముందే బుక్ చెయ్యాలి. డిసెంబరు సగం నుంచి జనవరి సగం దాకా చెల్లదు. పన్నులు వేరే. సీటు ఉంటేనే. వాళ్ళ నంబరుకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి తేనెలాంటి ఇంగ్లీషులో ఫిబ్రవరికి ప్రయత్నించమంది. మా అమ్మని పెంచినావిడ ఫిబ్రవరి దాకా ఆగుతుందో లేదో చెప్పమన్నాను. ఇంకేమైనా సాయం కావాలా మేడం అంది.

అప్పుడు నాకు అనుమానం వచ్చి ఆ బొంబాయివాడు అమ్మే మిగతా సరుకంతా వెతికాను. ప్రతి వేలంలోనూ మా చుక్కలవాడు ఉన్నాడు. అవే రెండు అక్షరాలు. ప్రతిచోటా ధర పెంచాడు, ఆఖర్న తప్పుకున్నాడు. ఎప్పుడైనా పొరపాటున వాడికే దక్కితే, అదే సరుకు వారం తిరక్కుండా మళ్ళీ వేలానికొచ్చేది. వాడు వేరే మనిషి కాదు. అమ్మేవాడో, అమ్మేవాడి తమ్ముడో. మేం కారణం రాయకముందు వాడు మా పాటలో లేడు. మాకు ఎంత అవసరమో మేమే, మా చేత్తోనే, పొందిగ్గా ఇంగ్లీషులో, సంతకంతో సహా రాసి వాడికిచ్చాం. చర్చిలో పదిమంది చేతులు దించే మాట, అక్కడ మా పీక పట్టుకోవడానికి పనికొచ్చింది. సైటువాళ్ళకి ఫిర్యాదు రాస్తే, మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబొచ్చింది.

నాన్నకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "అంతా సదివే సేసేడన్నమాట" అన్నాడు. అంతే అన్నాడు.

సంగతంతా తెలిసిన రోజునే అమ్మ నిర్ణయం తీసేసుకుంది. అప్పు చేసి మామూలు టిక్కెట్టు కొంటానని నేనంటే చెవిన పెట్టలేదు. "ఇప్పటికే సాలు. ఆవిడ నాకు కొనిచ్చిన మిషను మీద కుట్టిన డబ్బులు గాల్లో పోసేరు. నేను రైలెక్కుతాను" అంది. నడుంకి బెల్టు బిగించుకుని, కింది బెర్తు మీద దుప్పట్లు మడిచి వేసుకుని, నాన్నతో బయల్దేరింది. నేనూ వెళ్ళాను. విజయవాడ దాటాక అమ్మ కూర్చోలేకపోయింది, పడుకోలేకపోయింది. సగం దారి బెర్తు కమ్మీ పట్టుకుని నిలబడింది. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. పెదవి కొరుక్కున్న చోట రక్తం చూసి నేను మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను. ప్రతి స్టేషన్‌లోనూ ఆ బొంబాయివాణ్ణి మనసారా తిట్టుకున్నాను. నా క్రైస్తవ సంస్కారం ఆ రెండ్రోజులూ ఎక్కడికి పోయిందో తెలియదు. వెతకలేదు కూడా.

హోములో అమ్మగారు మంచం మీద చిన్నపిల్లంత అయిపోయి ఉన్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మ వంగి, తన పేరు చెప్పింది. అమ్మగారు చూశారు, పైకప్పు వైపు చూసినట్టే చూశారు. అమ్మ తెలుగులో చెప్పింది, హాస్టల్ పేరు చెప్పింది, మెట్ల సంగతి చెప్పింది. పక్కన నిలబడ్డ ఆయమ్మ వచ్చీరాని హిందీలో మాకు చెప్పింది. పదిరోజుల క్రితం దాకా బాగానే మాట్లాడేవారట. రోజూ గేటు చప్పుడైతే, మా పిల్ల వచ్చిందా అని అడిగేవారట. తర్వాత ఒక రోజు పొద్దున్న లేచి, ఎవర్నీ గుర్తుపట్టడం మానేశారట.

పదిరోజుల క్రితం మేం కొరియర్ కోసం వీధిలోకి చూస్తూ కూర్చున్నాం.

అమ్మ ఏడవలేదు. సంచిలోంచి కొబ్బరినూనె సీసా, దువ్వెన తీసింది. మంచం చివర ఒక పక్కకి ఒరిగి కూర్చుని, అమ్మగారి తెల్లజుట్టుకి నూనె రాసి, మెల్లగా చిక్కు తీసి, రెండు సన్నటి జడలు వేసింది. అమ్మగారు కళ్ళు మూసుకున్నారు. సుఖంగా ఉందో ఏమో. నాన్న వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఫిబ్రవరి రాకముందే అమ్మగారు పోయారు. సర్టిఫికెట్టు గడువు కూడా ఆ తర్వాత ఎప్పుడో పోయింది. దాన్ని ఎవరం చూడలేదు.

అమ్మ నడుం మళ్ళీ బాగుపడలేదు. కుట్టు మిషను మీద గుడ్డ కప్పేసింది. నాన్న అదివరకులాగే చర్చికి వెళ్ళేవాడు, ప్రార్థన చేసేవాడు, బజారులో కూరలు బేరమాడేవాడు. ఏదో ఒకటి తగ్గింది ఆయనలో. షేర్ ఆటోలో పక్కవాడు తన కష్టం మొదలెడితే ఇదివరకు స్టాపు దాటిపోయేదాకా వినేవాడు. ఇప్పుడు అటు తిరిగి కూర్చుంటున్నాడు. నాకది పంతొమ్మిది వేలకంటే ఎక్కువ నష్టమనిపించింది.

మరుసటి ఏడు కోత పండుగ వచ్చింది. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, కేకుల మీద ముసిరే ఈగలు. నాన్నే మైకు పట్టుకున్నాడు. గుమ్మడికాయలు, కోళ్ళు అయిపోయాక ఒక ఉన్ని రగ్గు పాటకొచ్చింది. మందంగా, కొత్తది. మడిచి అమ్మ నడుం కింద వేస్తే బాగుంటుందని అప్పుడే అనుకున్నాను. చెయ్యెత్తాను. రెండొందలు, రెండొందల యాభై. మరో ముగ్గురు నాతో పాడుతున్నారు. ఎవరెంత పెంచినా నా చెయ్యి దిగలేదు. ఆ ఏడాదంతా నా ఒంట్లో ఉన్న మంట ఆ చేతిలోకి వచ్చి కూర్చుంది.

అప్పుడు వెనక నుంచి కశింకోట ముసలావిడ ఒకర్తె లేచింది. పొలం పనులకి వెళ్ళే మనిషి. మూడొందలకి పైన పాట నడుస్తుంటే, చేతిలో కొంగుముడి విప్పుకుంటూ, "బాబూ, మా ముసిలోడు ఆసుపత్రిలో..." అని మొదలెట్టింది.

"కారణం సెప్పకమ్మా" అన్నాడు నాన్న మైకులో. "ఎంతో సెప్పు, సాలు."

షామియానా కింద గుసగుసలు ఆగిపోయాయి. అన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు. పాస్టరుగారు తలెత్తి చూశారు. ముసలావిడ ఏం తప్పు చేసిందో తెలియక, విప్పిన కొంగు మళ్ళీ ముడేసుకోవడం మొదలెట్టింది.

ముందు వరసలో అమ్మ లేచింది. లేవడం అంటే మామూలు లేవడం కాదు, ముందు కుర్చీ చెయ్యి పట్టుకుని, తర్వాత పందిరి గుంజ పట్టుకుని. నేను సాయం వెళ్ళబోతే వద్దని చెయ్యూపింది.

"ఆవిణ్ణి సెప్పనీండి" అంది నాన్నతో. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఇక్కడ కూడా సెప్పుకోకూడదంటే ఇంకెక్కడ సెప్పుకుంటాది మనిషి?"

నాన్న మైకు దించాడు. అమ్మ వైపు చూశాడు. మైకుని పక్కనున్న కుర్చీలో పెట్టేశాడు. తర్వాత మైకు లేకుండానే, "సెప్పమ్మా. ఏటి కట్టం?" అని అడిగాడు.

"మా ముసిలోడిని ఆసుపత్రి నుంచి రేపు పంపించేత్తారంట బాబూ. ఇంక మందుల్లేవన్నారు. సలికి ఒణికిపోతన్నాడు. నా కాడ నూట పది ఉన్నాయి" అంది ముసలావిడ.

నాతో పాడుతున్న ముగ్గురిలో మొదట, ఇందాక కేకు కొన్నాయన చెయ్యి దిగింది. తర్వాత మిగతా ఇద్దరివీ. నాన్న అందరి మీదుగా చూపు తిప్పుతూ వచ్చి నా దగ్గర ఆగాడు. అప్పుడు చూసుకున్నాను, నా చెయ్యి ఇంకా పైనే ఉంది. అమ్మ గుంజ పట్టుకుని నిలబడే నా వైపు తిరిగి చూసింది. నేను చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నాను.

నాన్న మూడుసార్లూ ఒక్క ఊపిరిలో చెప్పేసి, రగ్గు పట్టుకుని ముసలావిడ దగ్గరికి నడిచాడు.